పోస్టు పెట్టినందుకు స్టేషన్‌కి రమ్మంటే

రాత్రి తొమ్మిదిన్నరకి మా అక్క ఫోన్. గొంతులో వణుకు. "ఒరేయ్ తమ్ముడూ, వీణ్ణి స్టేషన్‌కి రమ్మంటున్నార్రా. ఫేస్‌బుక్‌లో ఏదో పెట్టాడంట" అంది. వీడంటే నా మేనల్లుడు. పాతికేళ్లుంటాయి, సెల్‌ఫోన్ల షాపులో పని. వర్షాలకి వాళ్ల ఊరి మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు గుంటలు పడితే వీడియో తీసి పెట్టి, కింద ఎమ్మెల్యేని నాలుగు మాటలు అన్నాడు. అందులో ఒక మాట అనకూడనిది. దాన్ని నేను వెనకేసుకు రాను. స్టేషన్ నుంచి ఫోన్ చేసినాయన మాత్రం చాలా తేలిగ్గా చెప్పాడట: "ఏం లేదమ్మా, ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లమనండి."

ఆ రాత్రి ఇంట్లో తలా ఒక మాట. "మనకెందుకురా రాజకీయాలు, పని చూసుకోక" అన్నాడు బావ. "వాక్ స్వాతంత్ర్యం ఉంది కదంకుల్, ఎవరేం చేస్తారు" అన్నాడు వాడి స్నేహితుడు. "అలా తిడితే ఊరుకుంటారా మరి, ఒక రాత్రి కూర్చోబెడితే బుద్ధొస్తుంది" అంది మా పెద్దమ్మ. టీ కొట్టు దగ్గరైనా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనైనా, టీవీ చర్చలోనైనా తిరిగి తిరిగి వినపడేవి ఈ మూడు మాటలే.

ఏం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడకూడదు అన్నదాని చుట్టూనే మన వాదనలన్నీ తిరుగుతుంటాయి. అది ముఖ్యమే. కానీ మామూలు మనిషికి మాట స్వేచ్ఛ దక్కేదీ, పోయేదీ ఆ ఫోన్ కాల్‌కీ మేజిస్ట్రేటు సంతకానికీ మధ్య ఉన్న ఒకటి రెండు రోజుల్లో. ఆ దారిలో చట్టం కొన్ని మెట్లు కట్టింది. వాటిని దాటించి ఒకేసారి కిందికి దించేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ అలవాటైపోయింది. అందుకే ఆ మెట్లు ఒక్కొక్కటీ చెప్పాలనిపించింది.

"మనోభావాలు దెబ్బతిన్నాయి"

పేపర్లో రోజూ కనిపించే రెండు మాటలు తీసుకోండి. ఒకటి "అనుచిత వ్యాఖ్యలు". రెండోది "మనోభావాలు దెబ్బతిన్నాయి". ఫలానా నాయకుడి మీద అనుచిత వ్యాఖ్యలు చేశాడు, అభిమానుల మనోభావాలు దెబ్బతిన్నాయి, కేసు పెట్టారు. వింటే సహజంగానే ఉంటుంది. కానీ అనుచితంగా మాట్లాడటం అనే నేరం మన చట్టంలో లేదు. నాయకుడి అభిమానుల మనోభావాలకు రక్షణ ఇచ్చే సెక్షనూ లేదు.

మనోభావాల గురించి చట్టం మాట్లాడేది మతం విషయంలో. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, అంటే పాత 295ఏ. అక్కడ కూడా ఎవరికో బాధ కలిగితే చాలదు. కావాలని, దురుద్దేశంతో ఒక వర్గం మతాన్ని అవమానించాడని చూపించాలి.

రాజ్యాంగం 19(1)(ఏ) అధికరణ మాట్లాడే హక్కు ఇస్తే, 19(2) దానికి హద్దులు గీసింది. ఎనిమిది కారణాలు: దేశ సార్వభౌమత్వమూ సమగ్రతా, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజా శాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం. ఏ ప్రభుత్వమైనా మాట మీద ఆంక్ష పెట్టాలంటే ఈ ఎనిమిదింటిలో ఒకదానికి ముడిపెట్టాలి, ఆ ఆంక్ష సహేతుకంగా ఉండాలి. జాబితాలో "చిరాకు" లేదు, "ఇబ్బంది" లేదు, "నాయకుడి గౌరవం" లేదు.

ఈ జాబితా మొదట్లో ఇంత పొడుగు లేదు. 1950లో మద్రాసు ప్రభుత్వం, అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనే ఉన్నాయి, క్రాస్ రోడ్స్ అనే వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వకుండా నిషేధించింది. ప్రజా శాంతి కోసం అంది. ఆ పత్రిక నడిపే రొమేష్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళితే, ప్రజా శాంతి అన్న కారణమే రాజ్యాంగంలో లేదు కదా అని కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. ప్రజా శాంతి, నేరానికి పురిగొల్పడం, విదేశీ సంబంధాలు అందులో చేరాయి. "సహేతుకమైన" అన్న మాట కూడా అప్పుడే వచ్చింది. హద్దులు పెంచిన సవరణే, ఆ హద్దులు అడ్డదిడ్డంగా ఉండకూడదని కూడా చెప్పింది. ఆ ఒక్క విశేషణం పట్టుకుని కోర్టులు తర్వాత చాలా కేసుల్లో జనాన్ని కాపాడాయి.

ప్రజా శాంతి అంటే ఏమిటన్నది రామ్ మనోహర్ లోహియా కేసులో 1965లో సుప్రీంకోర్టు ఒక బొమ్మలా చెప్పింది. ఒకదానిలో ఒకటి మూడు వలయాలు గీసుకోండి. బయటి పెద్ద వలయం మామూలు శాంతిభద్రతలు. దాని లోపల ప్రజా శాంతి. అన్నిటికన్నా లోపల దేశ భద్రత. సందులో ఇద్దరు తాగి కొట్టుకుంటే బయటి వలయంలో గొడవ. ఊరు ఊరంతా తలుపులు వేసుకునే పరిస్థితి వస్తే లోపలి వలయంలోకి వచ్చినట్టు. రాజ్యాంగం మాటను ఆపనిచ్చేది ఆ లోపలి వలయం దగ్గర. 1989లో మరో కేసులో సుప్రీంకోర్టే, మాటకీ ప్రమాదానికీ ఉన్న సంబంధం తుపాకిమందు పీపాలో పడ్డ నిప్పురవ్వలా ఉండాలంది. రోడ్డు గుంటల వీడియో కింద ఒక తిట్టు ఎక్కడ, తుపాకిమందు ఎక్కడ?

చచ్చిపోయిన సెక్షన్

2009లో అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ గుర్తుందా? కంప్యూటర్ ద్వారా ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించే మెసేజ్ పంపితే మూడేళ్ల జైలు. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు బంద్ ఎందుకని మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి పోస్టు పెడితే, ఆమెనూ, ఆ పోస్టుకు లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. మరుసటి ఏడాది మేలో మన దగ్గర కూడా ఒకటి జరిగింది. చీరాల ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక పౌరహక్కుల నాయకురాలిని జైల్లో పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి కేసుల్లో పై అధికారుల అనుమతి లేకుండా అరెస్టు చేయొద్దని కోర్టు చెప్పింది.

శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని వేసిన కేసులో 2015 మార్చి 24న 66ఏని పూర్తిగా కొట్టేశారు. ఆ ధర్మాసనంలో జస్టిస్ నారిమన్‌తో పాటు మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించింది ఒక తేడా. ఒక విషయాన్ని చర్చించడం ఒకటి. దాన్ని గట్టిగా సమర్థించడం ఇంకొకటి. చెయ్యండని రెచ్చగొట్టడం మూడోది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కే. చట్టం చెయ్యి వేయగలిగేది మూడోదాని మీద.

అయినా ఆ సెక్షన్ చావలేదు. స్టేషన్లలో రైటర్లు అలవాటుగా రాస్తూనే పోయారు. 2021లో ఈ విషయం మళ్లీ ముందుకొస్తే కోర్టే నివ్వెరపోయింది. 2022 అక్టోబరులో, 66ఏ కింద ఎవరినీ విచారించకూడదు, ఉన్న కేసుల్లోంచి ఆ సెక్షన్ తీసేయాలని మళ్లీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. కొట్టేసిన చట్టం ఏడేళ్లు బతికిందంటే తీర్పు ఢిల్లీలో వస్తుంది, అమలు మాత్రం మండల కేంద్రంలో స్టేషన్ బల్ల మీద జరగాలి అని అర్థం. ఆ బల్ల దగ్గరికే వద్దాం.

ఒక్క సెక్షన్ చేసే పని

మా మేనల్లుడిని ఆ రాత్రి పంపలేదు. తెలిసిన వకీలు గారు స్టేషన్‌కి ఫోన్ చేసి, నోటీసు ఇవ్వండి, పొద్దున్నే వస్తాం అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి కానిస్టేబుల్ ఇంటికి నోటీసు తెచ్చాడు. ఒక పేజీ. పైన అచ్చు, కింద ఖాళీల్లో బ్లూ పెన్నుతో క్రైమ్ నంబరు, పేరు, తేదీ, "ఉదయం 10 గంటలకు హాజరు కావలెను". మధ్యలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు. వకీలు గారు ఆ వరస మీద వేలు పెట్టి ఒక్కోటి చదివి చెప్పారు. 352, 351(2), 353.

352 అంటే గొడవకు దారితీసేలా కావాలని అవమానించడం, రెండేళ్ల వరకు శిక్ష. 351(2) బెదిరింపు, అదీ రెండేళ్లే. ఈ రెండూ కాగ్నిజబుల్ నేరాలు కావు. అంటే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టలేరు, వారెంటు లేకుండా అరెస్టు చేయలేరు. ఫిర్యాదు వస్తే పుస్తకంలో రాసుకుని, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని ఫిర్యాదుదారుడికి చెప్పాలి. పరువు నష్టం, అంటే 356, అదీ అంతే. పరువు పోయిందనుకున్న మనిషే స్వయంగా కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. 2016లో సుప్రీంకోర్టు పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం సరైనదేనంది. నాకు ఆ తీర్పు రుచించదు కానీ అది చట్టం. అయినా పరువు నష్టం పేరుతో ఎస్‌ఐ గారు నేరుగా ఎవరినీ ఎత్తుకుపోలేరు.

ఇక 353. పుకార్లు, తప్పుడు సమాచారంతో సైన్యంలో తిరుగుబాటు రేపాలనో, జనంలో భయం పుట్టించాలనో, ఒక వర్గాన్ని ఇంకో వర్గం మీదికి ఉసిగొల్పాలనో చూస్తే మూడేళ్ల వరకు శిక్ష. ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. పది సెక్షన్లు కాగ్నిజబుల్ కాకపోయినా, కేసులో ఒక్కటి కాగ్నిజబుల్ ఉంటే చాలు, కేసు మొత్తాన్ని అలాగే లెక్కించాలని పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతుంది. అందుకే ఆ వరస చివర 353 కూర్చుంది. అది లేకపోతే ఆ కాగితానికి బలం లేదు. రోడ్డు గుంటల వీడియో ఏ సైన్యాన్ని తిరగబెట్టిందో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ మీద నంబరు పడితే చాలు. మిగతా వాటిని ఇంజను లాగినట్టు లాక్కుపోతుంది.

ఇదే పని 196, అంటే పాత 153ఏ, చాలా కేసుల్లో చేస్తుంది. మతం, కులం, భాష, ప్రాంతం లాంటి వాటి పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం అందులో నేరం. దీని మీద మన హైదరాబాద్ కేసులోనే 1997లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కనీసం రెండు వర్గాలుండాలి, ఒక వర్గాన్ని ఇంకో వర్గం మీదికి రెచ్చగొట్టినట్టుండాలి. ఒక పార్టీని తిడితే, ఆ పార్టీ అభిమానులు మతమూ కారు, కులమూ కారు. అయినా రాజకీయ పోస్టుల కేసుల్లో ఈ సెక్షన్ పడుతూనే ఉంటుంది.

ఇంకో అడుగు ముందుకేసి, 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని సోషల్ మీడియా కేసుల్లో 111 కూడా పెట్టారు. అది వ్యవస్థీకృత నేరాల సెక్షన్. కిడ్నాపులు, కాంట్రాక్టు హత్యలు, భూకబ్జాలు చేసే ముఠాల కోసం పెట్టింది. గడిచిన పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు తీసుకుని ఉండాలన్నది అందులోనే రాసుంది. ఫోన్లో పోస్టులు పెట్టే కుర్రాడికి అది అతకాలంటే చాలా లాగాలి.

నోటీసు అంటే అరెస్టు కాదు

ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు నాగరిక సురక్షా సంహిత 35(3) నోటీసు ఇవ్వాలి. పాత 41ఏ నోటీసు అంటే అందరికీ తెలుస్తుంది. నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే, ఎందుకు చేయాల్సి వచ్చిందో కారణాలు రాసిపెట్టాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అది వరకట్న వేధింపుల కేసు, కానీ తీర్పు అలాంటి శిక్షలున్న నేరాలన్నిటికీ వర్తిస్తుంది. 2025 జనవరిలో, ఈ నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా సుప్రీంకోర్టు తేల్చింది. "ఒకసారి వచ్చి వెళ్లు" అన్న ఫోన్ కాల్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

అరవై దాటినవాళ్ల విషయంలో ఇంకో కాపుదల ఉంది. మూడేళ్లకన్నా తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో వాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు 2020 మేలో గుంటూరులో జరిగింది గుర్తొచ్చింది. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ప్రశ్నలున్న ఒక పోస్టు షేర్ చేసినందుకు అరవై దాటిన ఒకావిడకు సీఐడీ నోటీసు వచ్చింది. ఆవిణ్ణి అరెస్టు చేయలేదు. కానీ ఆ వయసులో ఆ నోటీసు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఫొటో చూసి ఎంతమంది తమ పోస్టులు తీసేసి ఉంటారో లెక్క ఎక్కడా ఉండదు.

ఎఫ్‌ఐఆర్ కన్నా ముందే ఇంకో మెట్టు కొత్త చట్టంలో వచ్చింది, 173(3). మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, కేసు ఉందో లేదో చూడొచ్చు. 2025 మార్చి 28న కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మాటల కేసులకు ముడిపెట్టింది. ఒక కవిత ఉన్న వీడియో పెట్టినందుకు గుజరాత్‌లో ఆ ఎంపీ మీద పెట్టిన కేసు అది. మాటకు, రాతకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఈ ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని కోర్టు చెప్పింది. మాట ప్రభావాన్ని కొలిచేటప్పుడు ధైర్యం, నిలకడ ఉన్న మనిషి కళ్లతో చూడాలి, చీటికీ మాటికీ బెదిరిపోయే మనసుతో కొలవకూడదని కూడా అంది. మనోభావాల వాదనకు ఇంతకన్నా మంచి జవాబు నాకు కనపడలేదు.

రిమాండ్ దగ్గర

అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆదివారమైతే, రాత్రయితే మేజిస్ట్రేటు గారి ఇంటికే తీసుకెళతారు. గేటు దగ్గర లైటు, లోపల వరండాలో బల్ల, కాగితాల కట్ట. రెండు మూడు నిమిషాల్లో అయిపోవచ్చు. మనిషికి స్వేచ్ఛ ఉంటుందా, పద్నాలుగు రోజులు జైలా అన్నది తేలేది అక్కడే. టీవీలు దీన్ని "రిమాండ్ విధించారు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాయి, అదేదో తప్పనిసరి తంతు అయినట్టు. తంతు కాదు. అరెస్టు అవసరమా, కారణాలు రాశారా, నోటీసు ఇచ్చారా అని ఆ మేజిస్ట్రేటు స్వయంగా చూసి, తృప్తి పడితేనే సంతకం పెట్టాలి. అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది ఇదే.

2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ విషయం మీదే మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్ ఇచ్చే ముందు అర్నేష్ కుమార్, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పులు రెండూ పాటించారో లేదో చూడాలి, లేకపోతే కోర్టు ధిక్కారం, శాఖాపరమైన విచారణ ఎదుర్కోవాల్సి ఉంటుందని అందులో ఉంది. హైకోర్టు తన కింది కోర్టులకే ఇలా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ముఖ్యమంత్రి మీద, అధికార పార్టీ మీద పెట్టిన పోస్టులకు సంబంధించిన మూడు ఎఫ్‌ఐఆర్‌లు కొట్టేస్తూ జస్టిస్ ఎన్. తుకారాంజీ ద్వారా మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేస్తున్న మనిషికి అసలు ఆ విషయంతో సంబంధం ఉందా చూడండి. ముందు ప్రాథమిక విచారణ చేయండి. ఘాటైన రాజకీయ విమర్శ నేరం కాదు. పరువు నష్టమైతే మేజిస్ట్రేటు దగ్గరికి పంపండి. సున్నితమైన కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోండి. వీటిలో కొత్త చట్టం ఏదీ లేదు. ఉన్న మెట్లనే వరసగా పేర్చి, వీటి మీదుగా నడవండి అని చెప్పడమే.

2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకొకటి కలిపింది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే, రిమాండ్‌కి తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. అంటే మన ఊళ్లలో అది తెలుగులో చేతికి రావాలి. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంట్లో తెలిసుంటే బావుండును.

మనవాడైతే ఒకటి, పరాయివాడైతే ఒకటి

ఇక్కడ కాస్త మనసులో మాట చెప్పాలి. గుంటూరు ఆవిడకు నోటీసు వచ్చినప్పుడు రాష్ట్రంలో ఒక పార్టీ ప్రభుత్వం. 2024 నవంబరులో వరసగా సోషల్ మీడియా అరెస్టులు జరిగినప్పుడు ఇంకో ప్రభుత్వం. 2025 జూన్‌లో టీవీ చర్చలో మరో విశ్లేషకుడు అన్న మాటకు, చర్చ నడిపిన సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేస్తే నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు విడుదల చేయమంది. తెలంగాణలోనూ ప్రభుత్వం మారింది, ఈ కేసుల అలవాటు మారలేదు. మొన్న "భావ ప్రకటనా స్వేచ్ఛను చంపేశారు" అని వీధిలో కూర్చున్నవాళ్లే నేడు "అలాంటివాళ్లను లోపలెయ్యాల్సిందే" అంటారు. ఐదేళ్లకోసారి ఈ మాటలు ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు మార్చుకుంటారు. మా ఇంట్లోనే చూశాను. ఏ పెద్దమ్మ కూర్చోబెట్టమందో, ఆవిడే అంతకుముందు ఆ గుంటూరు ఆవిడ వార్త చూసి కన్నీళ్లు పెట్టుకుంది. అబద్ధం కాదు, రెండుసార్లూ మనస్ఫూర్తిగానే అంది.

అంతమాత్రాన అన్ని అరెస్టులూ ఒకటే అనను. ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టేవాళ్లున్నారు. నాయకుల భార్యల్ని, కూతుళ్లని, ఏ పార్టీతో సంబంధం లేని యాంకర్లని, టీచర్లని రాయలేని మాటలతో వేధించే ఖాతాలున్నాయి. ఇది విమర్శ కాదు. మహిళ గౌరవానికి భంగం కలిగించే మాటలకు న్యాయ సంహితలో 79 ఉంది, మూడేళ్ల వరకు శిక్ష. అశ్లీల సమాచారానికి ఐటీ చట్టం 67, లైంగిక దృశ్యాలకు 67ఏ, అనుమతి లేకుండా తీసిన ప్రైవేటు ఫొటోలకు 66ఈ ఉన్నాయి. ఇవి పదునైన సెక్షన్లు, వీటిని వాడాలి, త్వరగా వాడాలి. ఎమ్మెల్యేని తిట్టిన పోస్టు మీద గంటల్లో కదిలే స్టేషన్, మార్ఫింగ్ ఫొటో పట్టుకుని వచ్చిన కాలేజీ అమ్మాయిని సైబర్ సెల్‌కి, అక్కణ్ణుంచి ఇంకో చోటికి తిప్పుతుందని నా దగ్గరివాళ్ల అనుభవమే చెబుతుంది. మాటల కేసుల మీద నా కోపంలో సగం దీని గురించే.

లైక్ కొడితే కేసా, గ్రూప్ అడ్మిన్‌ని పట్టుకుంటారా అని చాలామంది అడుగుతుంటారు. లైక్ కొట్టడం ప్రచురించడం కాదని 2025లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. గ్రూపులో ఇంకొకరు పెట్టినదానికి, ముందే కలిసి అనుకున్నట్టు లేకపోతే, అడ్మిన్ బాధ్యుడు కాడని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. ఫార్వర్డ్ మాత్రం వేరు. మనం పంపినదాన్ని మనం ఒప్పుకున్నట్టేనని మద్రాసు హైకోర్టు 2018లో ఒక మాజీ ఎమ్మెల్యే కేసులో అంది, ఆయనకు సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. కాబట్టి ఎవరో రాసిందే కదా అని పంపేయకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్లకూ ఒక మాట. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి కూడా మన శిక్షాస్మృతి వర్తిస్తుంది. పాస్‌పోర్టు మనదైతే, డాలస్‌లో కూర్చుని రాసినదానికి శంషాబాద్ ఇమిగ్రేషన్ దగ్గర ఆగాల్సి రావచ్చు.

మా మేనల్లుడు నోటీసులో ఉన్న తేదీకి వకీలు గారితో వెళ్లాడు. బయట బల్ల మీద నాలుగు గంటలు కూర్చోబెట్టారు, తర్వాత వాంగ్మూలం తీసుకుని ఫోన్ తీసేసుకున్నారు, సాయంత్రం పంపించేశారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. అరెస్టు లేదు, రిమాండ్ లేదు. నోటీసు అడిగినందువల్ల ఇక్కడితో ఆగిందని వకీలు గారు అన్నారు. ఫోన్ కోసం కోర్టులో పిటిషన్ వేశాం. ఫీజు, వాయిదాల ఖర్చు, షాపులో కోసిన జీతం అన్నీ కలిపితే వాడి రెండు నెలల సంపాదన.

ఇంటికొచ్చాక అన్నాడు, "మావయ్యా, ఆ మాట తీసేశాను. రోడ్డు వీడియో కూడా తీసేశాను" అని. మాట తీసేస్తే తీసేశావు, వీడియో మళ్లీ పెట్టరా, అందులో తప్పేం లేదు అన్నాను. తల ఊపాడు. నెల దాటింది, ఇంకా పెట్టలేదు.